పోస్టుమాన్ దరువు

పాట వినగానే మనం ముందు అడిగేది "ఎవరు పాడారు?" అని. కాస్త సంగీతజ్ఞానం వున్నవాళ్ళయితే "కట్టిందెవరు?" అని కూడా అడుగుతారు. వెనకాల డోలు వాయించిందెవరని అడిగినవాళ్ళని నా నలభై అయిదేళ్ళ జీవితంలో నేను చూళ్ళేదు. కచేరీల్లో చూడండి... తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేచిపోతుంది! నేనూ అలా లేచిపోయినదాన్నే. దాచుకోవడమెందుకు?

మొన్న వేసవిలో మా అక్కకొడుకు హ్యూస్టన్ నించి వచ్చాడు. ఒకనాటి మధ్యాహ్నం నేను వడియాలు ఎండబెట్టుకుంటూంటే "పిన్నీ, యిది విను" అంటూ ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. ఒక చిన్న పాట. మాటల్లేవు. సన్నని గొంతుతో ఎవరో ఆకాశంకేసి చూసి పిలుస్తున్నట్టు ఒక వాద్యం... అది పైకి, యింకా పైకి పోతూంది. నాకు ఒళ్ళు జలదరించింది.

"ఎవరిదిరా యిది?" అన్నాను.

"కోల్‌ట్రేన్ అని, అమెరికాలో మహా విద్వాంసుడు పిన్నీ. పాట పేరు ఆఫ్రో బ్లూ" అన్నాడు వాడు గర్వంగా, తనే రాసినట్టు.

కోల్‌ట్రేన్ పేరు కాగితం మీద రాసుకున్నాను. పదిహేను రోజుల తర్వాత అదే పాట మరో రికార్డులో విన్నాను. యిందులో పిల్లనగ్రోవి లాంటి ఫ్లూటు వుంది, దాని కింద డోళ్ళున్నాయి. యిది 1959 నాటిది. కోల్‌ట్రేన్ రికార్డు 1963 నాటిది. అంటే పాట ముందు వేరొకరి దగ్గర పుట్టి, నాలుగేళ్ళు తిరిగి, ఆయన దగ్గరికి వెళ్ళిందన్నమాట. కన్నతండ్రి పేరు మోంగో సాంతమరియా. ఆయన డోలు వాయించేవాడు. అంతకుముందు హవానాలో పోస్టుమాన్!

ఎందుకో నాకు మనసు చివుక్కుమంది. చాలా ఏళ్ళ కిందట నా కథ ఒకదాన్ని ఒక వూళ్ళో నాటకంగా వేశారు. వూరి పేరు, సంఘం పేరు యిప్పుడెందుకు లెండి. పంచిన కాగితంలో దీపాలు చూసుకున్న అబ్బాయి పేరు దాకా అచ్చు వేశారు, నా పేరు మాత్రం లేదు. నాటకం బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు కొడుతున్నప్పుడు చేతుల్లో వుండే బరువు యెలా వుంటుందో నాకు తెలుసు. అంచేత ఈ పోస్టుమాన్ సంగతి తేల్చుకోవాలనిపించింది.

ఆయన అసలు పేరు రామోన్. రామోన్‌లని క్యూబాలో ముద్దుగా మోంగో అంటారట. 1917 ఏప్రిల్ 7న హవానాలో పుట్టాడు. పెరిగింది జెసూస్ మరియా అనే నల్లవాళ్ళ పేటలో. తల్లి కొడుకు చేత వయొలిన్ నేర్పించాలనుకుంది. ఏ తల్లయినా అదే అనుకుంటుంది కదా! వయొలిన్ అంటే మర్యాద, డోలంటే వీధి. కుర్రాడు వయొలిన్ మొదలుపెట్టి, దాన్ని పక్కన పెట్టి, వీధిలోకే నడిచాడు.

వీధి అనడంలో నా అతిశయోక్తి యేమీ లేదు. ఆఫ్రికా నించి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి డోళ్ళు ఆ రోజుల్లో క్యూబా పెద్దమనుషులకి కిట్టేవి కావు. నల్లవాళ్ళ పేటల వాళ్ళు డోళ్ళు కొట్టుకుంటూ తిరిగే వూరేగింపులని హవానా కార్నివాల్‌లోకి యేళ్ళ తరబడి రానివ్వలేదు. మళ్ళీ అనుమతి యిచ్చింది 1937లో. అప్పటికి మోంగోకి యిరవై యేళ్ళు. అంటే ఆయన వాద్యం ఆయన బాల్యమంతా అంటరానిదిగానే గడిచిందన్నమాట.

ఆ వాద్యం పేరు కోంగా. క్యూబాలో తుంబదోరా అంటారు. మనిషి నడుముదాకా వచ్చే పొడుగాటి ఒంటిముఖం డోలు. పుల్లల్లేవు, వట్టి చేతులే. అరచేత్తో కొడితే ఒక మాట, వేళ్ళ కొసలతో కొడితే మరో మాట. అంచుమీద చెళ్ళున చరిస్తే యింకో మాట. మూడు డోళ్ళు మూడు శ్రుతుల్లో పెట్టుకుంటే అది తాళమూ అవుతుంది, రాగమూ అవుతుంది.

పగలు వుత్తరాలు బట్వాడా, రాత్రి డోలు. ట్రాపికానా లాంటి పెద్ద పెద్ద నైట్‌క్లబ్బుల్లో వాయించేవాడు. 1940ల ఆఖర్న తన స్నేహితుడు అర్మాండో పెరాజాతో కలిసి మెక్సికో వెళ్ళాడు. 1950 కల్లా న్యూయార్కు చేరాడు. ఆయనకంటే ముందే చానో పోజో అనే క్యూబా డోలు విద్వాంసుడు 1947లో అక్కడికి వచ్చి, డిజ్జీ గిలెస్పీ బృందంలో చేరి, జాజ్ సంగీతాన్ని వుర్రూతలూగించాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1948 డిసెంబరులో హార్లెమ్‌లో ఒక బార్‌లో తుపాకి గుండుకి చచ్చిపోయాడు. ముప్ఫైమూడేళ్ళ వయసు! చానో మెరుపు. మోంగో మెరుపు కాదు, పొయ్యిమీద నిప్పు. అర్ధశతాబ్దం పాటు ఆరకుండా మండాడు. మెరుపుల గురించి కథలు రాయడం తేలిక. నిప్పుల గురించి రాయడమే కష్టం.

1951లో టీటో ప్వెంతే బృందంలో చేరి ఆరేళ్ళు వాయించాడు. అవి మాంబో నాట్యం కోసం న్యూయార్కు వెర్రెత్తిపోయిన రోజులు. జనం నాట్యానికి వచ్చేవారు, డోలు వినడానిక్కాదు. ఆ గోల మధ్యనే 1955లో ఆయన తన పేరుతో చాంగో అని ఒక రికార్డు చేశాడు. చాంగో అంటే పిడుగులకి, డోళ్ళకి అధిదేవత. ఆఫ్రికా నించి సముద్రం మీద బానిసలతోపాటు వచ్చిన దేవుడు. ఆ రికార్డులో మాంబో తళుకుల్లేవు. తన పేటలో, తనవాళ్ళ యిళ్ళలో మోగిన డోళ్ళు, పాటలు వున్నాయి. రాత్రి డబ్బుకోసం నాట్యానికి వాయించినవాడే, తీరిక చూసుకుని ఇంటి దేవుడికి దీపం పెట్టుకున్నట్టుంటుంది అది వింటే. నాకు ఆయన మీద మొదట గౌరవం కలిగింది అక్కడ.

1957లో ప్వెంతేని వదిలి, విల్లీ బోబో అనే మరో లయకారుడితో కలిసి కాలిఫోర్నియాలో కాల్ ట్యాడర్ బృందంలోకి వెళ్ళాడు. ఆఫ్రో బ్లూ పుట్టింది అక్కడే.

యింతకీ ఆ పాటలో యేముంది? రాగం చాలా చిన్నది. కొద్దిపాటి స్వరాలు, పిల్లలు పాడుకునేంత సులువు. గొప్పతనమంతా దాని కింద వుంది. కుడిచేత్తో మూడు దెబ్బలు, ఎడంచేత్తో రెండు దెబ్బలు, రెండూ ఒకే వ్యవధిలో ఒకే చోట మొదలై ఒకే చోట ముగియాలి. ప్రయత్నించి చూడండి! నేను వంటగట్టు మీద అరగంట కొట్టుకున్నాను. మా పనిమనిషి, "అమ్మగారూ, వంట్లో బావుందా?" అని అడిగింది. మూడు అనుకుంటే మూడుగా, రెండు అనుకుంటే రెండుగా వినిపిస్తుంది. ఆఫ్రికా సంగీతానికి అది పునాది. జాజ్‌లో అందరూ వాయించే పాటల్లో అచ్చంగా ఆ పునాదిమీద కట్టిన తొలి పాట యిదేనని తెలిసినవాళ్ళు అంటారు. పుట్టిన దేశమూ, బతుకుతున్న దేశమూ రెండూ ఒకే గుండెలో కొట్టుకున్నట్టు వుంటుంది నాకు. ఆయన అలా అనుకున్నాడని నేననడంలేదు సుమా! డోలు వాయించేవాళ్ళు అలాంటి మాటలు చెప్పరు, వాయించి వూరుకుంటారు.

1959లోనే ఆస్కార్ బ్రౌన్ అనే కవి దానికి మాటలు కట్టాడు, అబీ లింకన్ అనే గాయని పాడింది. నాలుగేళ్ళకి, 1963 అక్టోబరులో, న్యూయార్కు బర్డ్‌లాండ్ క్లబ్బులో కోల్‌ట్రేన్ దాన్ని సొప్రానో శాక్సఫోన్ మీద ఎత్తుకున్నాడు. అప్పట్నించి పాట ఆయనదైపోయింది. యిప్పటికీ ఎందరో ఆయనే కట్టాడనుకుంటారు... మా అక్కకొడుకులాగ.

రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. నిజం చెప్పాలంటే కోల్‌ట్రేన్‌ది పెద్ద సృష్టి. కాదనలేను. ఆయన శాక్సఫోన్, మెకాయ్ టైనర్ పియానో, ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు కలిసి ఆ చిన్న పాటని తుఫానుని చేసేశాయి. కాని ఆ తుఫానులో ఒకటి కొట్టుకుపోయింది. మూడు, రెండుల మధ్య వుండే ఆ సన్నని తగువు... అది లేదు. మూడే గెలిచింది. మోంగో దగ్గర పాట నేలమీద నిలబడి వుంటుంది. కోల్‌ట్రేన్ దగ్గర నేల కనబడదు, ఆకాశమే. మొదటిసారి ఆకాశం నచ్చింది నాకు. పదోసారి విన్నాక నేల నచ్చడం మొదలెట్టింది.

యిక్కడితో ఆపేస్తే నా వ్యాసం చక్కగా అమరేది. పేదవాడి పాట, పెద్దవాడి పేరు, పాఠకుల కంట తడి! నా పాత నాటకం అక్కసు కూడా తీరేది. కాని యీ మోంగో నన్ను అలా తీర్చుకోనివ్వలేదు. ఎందుకంటే మోంగోని లోకానికి తెలియజేసిన పాట మోంగోది కాదు!

1962లో ఒక రాత్రి బ్రాంక్స్‌లో ఒక క్లబ్బు. బృందంలో పియానో వాయించే చిక్ కొరియా మానేశాడు. ఆ రెండుమూడు రాత్రులకి బదులుగా హెర్బీ హాంకాక్ అనే యిరవై రెండేళ్ళ కుర్రాడు వచ్చాడు. జనం పల్చగా వున్నారు. విరామంలో, ట్రంపెట్ విద్వాంసుడు డొనాల్డ్ బర్డ్ మోంగోతో కూచుని, క్యూబా సంగీతాన్నీ అమెరికా నల్లవాళ్ళ సంగీతాన్నీ కలిపే ముడి ఎక్కడుంది అని మాట్లాడుతున్నాడు. ఆ ముడి తనకింకా దొరకలేదన్నాడు మోంగో. బర్డ్‌కి యేం తోచిందో, కుర్రాణ్ణి పిలిచి, నీ వాటర్‌మెలన్ మాన్ వాయించవోయ్ అన్నాడు. కుర్రాడు మొదలెట్టాడు. మోంగో వేదికెక్కి డోలందుకున్నాడు. ఒక్కొక్కరే మిగిలిన వాద్యగాళ్ళు వచ్చి కలిశారు. చూస్తూండగా బల్లల దగ్గర కూచున్నవాళ్ళంతా లేచి నాట్యం చేస్తున్నారు!

ఈ కథ చెప్పింది హాంకాకే. ఆ పాట పుట్టుక కూడా ఆయనే చెప్పాడు. ఆయన చిన్నప్పుడు చికాగో సందుల్లో గుర్రబ్బండిమీద పుచ్చకాయలమ్మే మనిషి వచ్చేవాడట. రాళ్ళు పరిచిన దారిలో ఆ బండిచక్రాల చప్పుడే పియానో దరువు, ఆడవాళ్ళు అతన్ని పిలిచిన పిలుపే పాట. వీధిలో "తాటిముంజలో" అన్న కేక వినబడితే పనులన్నీ వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తిన మనకి యిది వేరే చెప్పాలా?

హాంకాక్ సొంత రికార్డు అప్పటికే, 1962లోనే వచ్చింది. బాగానే వుంటుంది. కాని మోంగో అదే యేడాది డిసెంబరులో చేసిన రికార్డు 1963లో అమెరికా అంతా మోగింది. బిల్‌బోర్డు పట్టికలో పదో స్థానం దాకా ఎక్కింది. డోలు వాయించేవాడి పేరు మీద! మరి యీ పాట ఎవరిది? కాగితం మీద హాంకాక్‌ది. అందులో సందేహంలేదు, ఆయన హక్కు ఆయనకి దక్కింది. కాని జనం కాళ్ళలోకి ఎక్కించింది మోంగో. పియానో మీద అది పుచ్చకాయల బండి జ్ఞాపకం. కోంగా పడ్డాక బండే వచ్చేసింది.

యిది తెలిశాక నా అక్కసు కాస్త దిగింది. పాటలు చేతులు మారుతాయి. మారాలి కూడా. మోంగో పాటని కోల్‌ట్రేన్ పెంచాడు, హాంకాక్ పాటని మోంగో పెంచాడు. పెంచినవాళ్ళది తప్పు కాదు. కన్నవాళ్ళ పేరు చెప్పకపోవడమే తప్పు. ఆ తప్పు ఎక్కువసార్లు చేసేది విద్వాంసులు కాదు, వినేవాళ్ళం మనమే.

యిక ఆడదాన్ని కనక ఒక మాట అనకుండా పోలేను. 1963లో ఒక రికార్డు వచ్చింది. దాని పేరు "మోంగో పరిచయం చేస్తున్న లా లూపే". లా లూపే క్యూబాలో సాంతియాగో పిల్ల, టీచరుగా చదువుకుంది. అక్కడ వున్నప్పుడే హవానాలో పేరు తెచ్చుకుంది. 1962లో న్యూయార్కు వచ్చింది. వచ్చాక మళ్ళీ ఒకాయన "పరిచయం" చెయ్యాల్సొచ్చింది! నిజమే, పరాయి దేశంలో తెలిసినవాడి చెయ్యి పెద్ద వుపకారం, కాదనను. కాని రికార్డు వింటే ఆ పరిచయం ఎవరికి ఎవరు చేశారో తెలీదు. ఆ గొంతు అరుస్తుంది, నవ్వుతుంది, యేడుస్తుంది. డోలు వెంటబడి పరిగెడుతుంది. తర్వాత ఆమె టీటో ప్వెంతే బృందంతో పాడి యింకా పెద్ద పేరు తెచ్చుకుంది. ఆఖరికి పేదరికంలో పడి 1992లో బ్రాంక్స్‌లో పోయింది. క్యూబాలో పూజకి వుంచిన బతా డోళ్ళని ఆడవాళ్ళు తాకకూడదని ఆచారం. పాడవచ్చు, ఆడవచ్చు, తాకకూడదు. లా లూపే గొంతు వింటే, తాకనివ్వని డోలుని గొంతులో పెట్టుకుందా అనిపిస్తుంది.

గొప్పవాడని చెప్పినంత మాత్రాన అన్నీ గొప్పవని చెప్పక్కర్లేదు. వాటర్‌మెలన్ మాన్ విజయం మోంగోకి వరమూ అయింది, శాపమూ అయింది. 1965 నించి కొన్నేళ్ళు కొలంబియా కంపెనీకి చేసిన రికార్డులు చాలావరకు ఆనాటి రేడియోలో మోగుతున్న పాటలకి కోంగా తగిలించినవే. 1969లో టెంప్టేషన్స్ బృందం పాట క్లౌడ్ నైన్ చేసి మళ్ళీ అమ్మాడు. వినడానికి హుషారుగానే వుంటాయి. రెండు పాటలయ్యాక మాత్రం, పెళ్ళివారింట్లో నాలుగోసారి వడ్డించిన అదే పులిహోరలా వుంటుంది. వాద్యగాళ్ళ జీతాలు, బృందం ప్రయాణాలు, పిల్లల చదువులు... అన్నీ వుంటాయి, నాకు తెలీదా! వారం వారం సీరియల్ రాసినదాన్ని. ఆ వారానికి కథ నడిపించడానికి ఒక రైలుప్రమాదం పెట్టినదాన్ని! అందుకే కోపం రాదు, విచారం వస్తుంది.

కాని ఆయన అక్కడే ఆగిపోలేదు. 1973 ఆగస్టు 24న న్యూయార్కు యాంకీ స్టేడియంలో ఫానియా ఆల్ స్టార్స్ కచేరీ. నలభై వేల పైచిలుకు జనం. మోంగో, రే బరెట్టో యెదురెదురుగా కోంగాల మీద పోటీపడ్డారు. ఒకడు క్యూబా నించి వచ్చినవాడు, రెండోవాడు ప్వెర్తోరీకో తల్లిదండ్రులకి న్యూయార్కులో పుట్టినవాడు. ఆ వాయింపుకి జనం ఆగలేక కంచెలు దూకి మైదానంలోకి వచ్చిపడ్డారు. కచేరీ ఆగిపోయింది! కాఫీకి లేచిపోయే జనం కాదు, చూశారా?

1976లో సొఫ్రితో అనే రికార్డు చేశాడు. సొఫ్రితో అంటే నూనెలో వుల్లిపాయలు, వెల్లుల్లి, మిరపకాయలు వేయించి పెట్టుకునే పోపు. ఆ వాసన లేందే వాళ్ళ వంట లేదు. ఆ రికార్డు వింటే తొందర లేదు. చెప్పిందే చెబుతాడు, మళ్ళీ చెబుతాడు, మనం అలిసిపోతామేమో అనుకునేసరికి ఒక్క దెబ్బ మారుస్తాడు. ఆ ఒక్క దెబ్బకి గది మారిపోతుంది. పోపు చిటపటమన్నాక యింట్లో అందరికీ ఆకలి గుర్తొచ్చినట్టు. ఆయన దారి అదే. వేగం చూపించి మెప్పించేవాళ్ళు ఆయన తరంలో వేరేవున్నారు. యీయన ఓపికతో గెలుస్తాడు. ఆ మరుసటి రికార్డు డాన్‌కి గ్రామీ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయనకి అరవై దాటింది.

క్యూబా మాట? 1960లో, విప్లవం వచ్చిన మరుసటి యేడు, విల్లీ బోబోతో కలిసి హవానా వెళ్ళి రెండు రికార్డులు చేసి తెచ్చాడు. ఒకదాంట్లో మెర్సెడీతాస్ వల్దేస్ అనే గాయని దేవుళ్ళ పాటలు పాడింది. 1961 జనవరిలో అమెరికా, క్యూబాల మధ్య సంబంధాలు తెగిపోయాయి. ఆ రికార్డులు వింటుంటే, తలుపు మూసుకునేముందు ఆత్రంగా యింట్లోంచి సామాను బయటికి తెచ్చుకున్నట్టుంటుంది. సామాన్లో ఆయన తెచ్చుకున్నది పాటలే.

2003 ఫిబ్రవరి 1న మయామీలో పోయాడు. ఎనభై అయిదేళ్ళు. ఫ్లోరిడా కొసనించి క్యూబా తొంభై మైళ్ళే. మా వూరినించి మా పుట్టింటికున్నంత దూరం.

మీరు వినదలుచుకుంటే నా మాట వినండి. ముందు 1959 నాటి ఆఫ్రో బ్లూ వినండి. తర్వాత కోల్‌ట్రేన్‌ది వినండి. వరస మార్చకండి. నేను తలకిందులుగా వినడం వల్లనే యింత రాయాల్సొచ్చింది. ఆ తర్వాత వాటర్‌మెలన్ మాన్ పెట్టి, గదిలో యెవరూ లేకుండా చూసుకోండి. కాళ్ళు మాట వినవు.

మొన్న మా అక్కకొడుక్కి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు వూరుకుని, "అయితే పిన్నీ, కోల్‌ట్రేన్ దొంగా?" అన్నాడు.

"కాదురా. వుత్తరం ఆయన చదివి వినిపించాడు, అందరికంటే గొప్పగా చదివాడు. రాసింది మాత్రం పోస్టుమాన్" అన్నాను.